కొత్త స్కూలుకు సంఘం ముద్ర వేసే ముందు



ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో బడి వయసు పిలకాయలున్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక కొత్త స్కూలు నోటీసు వచ్చింది. జూన్‌లో తెరుస్తారట. ఏసీ క్లాసులు, పెద్ద టీవీ బోర్డులు, ఈత కొలను, ఇంటి ముందుకే బస్సు అని రంగు రంగులుగా వేసినారు. కింద ఒక లైను: "మన సంఘం పిలకాయలకు ఫీజులో 10 శాతం తగ్గింపు." నడిపేవారు మనవాళ్ళే. ఆ సాయంత్రం నుంచి మాకు ఒకటే ఫోన్లు. తెన్‌కరై నుంచి ఒకరు, వడకరై నుంచి ఒకరు, లక్ష్మీపురం నుంచి ఇద్దరు. "చేర్చవచ్చా?" అని కొందరు అడిగినారు. "సంఘం గ్రూపులోనే వచ్చింది కదా, అంటే నమ్మకమైన బడే కదా?" అని మిగతావాళ్ళు. ఈ రెండో మాట విన్నాకనే ఈ రాతకు కూర్చున్నాం.

సంఘం ఆ నోటీసును పంచింది, అంతే. ఆ స్కూలును సంఘం పోయి చూడలేదు, ఒక్క కాగితం చదవలేదు. అయినా వచ్చే కమిటీ కూటంలో ఆ స్కూలుతో ఒప్పందం గురించి మాట్లాడతారని, "సంఘం సిఫారసు చేసిన స్కూలు" అని వాళ్ళు బోర్డు వేసుకోవచ్చని విన్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అలా చేయవద్దు. ఆ స్కూలు చెడ్డదని మేము అనడం లేదు. మంచిదో కాదో ఎవరమూ ఇంకా చూడలేదు. చూడకుండా సంఘం ముద్ర వేస్తే, ఆ ముద్రను నమ్మి వందల రూపాయలు కాదు, లక్షల రూపాయలు కట్టేది మన ఇండ్లలోని చిన్న జీతగాళ్ళే.

మేము రైల్వేలో గుమస్తా పని చేసినవాళ్ళం. మాకు తెలిసిన దాంతోనే చెప్తాం. మదురై–బోడి మీటర్‌గేజి దారిని 2010 చివర్లో మూసేసినారు. బ్రాడ్‌గేజి మీద తేని దాకా ప్యాసింజరు బండి వచ్చింది 2022 మే 26న. బోడి దాకా పోయింది 2023 జూన్ 15న. పన్నెండేండ్లు జనం కాచుకుని ఉన్నారు. అయినా పట్టాలు వేసిన మరునాడే ఎవరినీ ఎక్కించలేదు. రైల్వే సేఫ్టీ కమిషనర్ వచ్చి, ట్రాలీ మీద పోయి, వంతెనలు, మలుపులు, గేట్లు చూసి, బండిని వేగంగా నడిపించి, ఇంత వేగంతో పోవచ్చని రాసిచ్చిన తరువాతే టికెట్టు కొట్టినారు. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండరు. విమానయాన శాఖ కింద ఉంటారు. దారి వేసినవాళ్ళే దారి బాగుందని రాసిచ్చుకోకూడదని ఆ ఏర్పాటు.

స్కూలు కట్టినవారు మన బంధువే కావచ్చు. సీటు అమ్మేవారూ ఆయనే, ఆయన స్కూలు మంచిదని చెప్పేది ఆయన సభ్యుడిగా ఉన్న సంఘమే అంటే, అది మన రైల్వే పద్ధతికి సరిగ్గా తలకిందులు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నామంటే, మా ఇంట్లోనే ఒకసారి దెబ్బ తిన్నాం.

మేము చదివింది తమిళ మీడియంలో. ఆఫీసులో ఇంగ్లీషులో ఒక జాబు రాయాలంటే చెమట పట్టేది. రూలు పుస్తకంలో ఒక పేరా అర్థం కాకపోతే పక్క సీటాయన్ని అడగాలి, ఆయన ముఖం చూడాలి. ఆ కష్టం మా బిడ్డకు రాకూడదనుకున్నాం. 1990లలో మేము వేరే ఊళ్ళో పనిలో ఉన్నప్పుడు, మా వీధి చివర ఒక అద్దె ఇంట్లో కొత్తగా ఇంగ్లీషు స్కూలు తెరిచినారు. గోడ మీద ఏనుగు, చిలక బొమ్మలు. పిలకాయలకు టై, బూట్లు. చేర్చిన వారానికే మావాడు "గుడ్ మార్నింగ్" అన్నాడు. మేము పొంగిపోయినాం. ఎల్‌కేజీ నుంచి ఐదో క్లాసు దాకా అక్కడే. ఆ ఏడేండ్లలో ఒక్క కాగితం అడగలేదు.

ఐదు ముగిసి ఆరుకు వేరే బడికి పోయినప్పుడు తెలిసింది, ఆ స్కూలుకు గుర్తింపు లేదని. అది ఇచ్చిన టీసీని ఎవరూ ఒప్పుకోలేదు. మేము పోయిన బడి హెడ్‌మాస్టరు మంచి మనిషి. "ఈ కాగితంతో ఆరులో చేర్చుకుంటే రేపు ఆడిట్‌లో నన్ను అడుగుతారయ్యా. ఐదులో అయితే చేర్చుకుంటాను" అన్నారు. మావాడు మళ్ళీ ఐదు చదివినాడు. వాడి జతగాళ్ళు అదే వీధిలో ఆరో క్లాసు పుస్తకాలు పట్టుకుని పోయేవాళ్ళు. ఒక రాత్రి అన్నం తింటూ అడిగినాడు, "నాయనా, నేను ఫెయిలయినానా?" అని. వాడి తల్లి లేచి లోపలికి పోయింది. ఫెయిలయింది మేమేనని వాడికి చెప్పడానికి మాకు చాలా ఏండ్లు పట్టింది.

ఇప్పుడు చట్టం కొంచెం మేలు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, 14 ఏండ్ల లోపు బిడ్డను వయసుకు తగిన క్లాసులో చేర్చుకోవాలి. కాబట్టి ఎనిమిదో క్లాసు దాకా మావాడికి జరిగినట్టే జరగకపోవచ్చు. అదే చట్టం గుర్తింపు లేకుండా బడి నడపకూడదని, నడిపితే లక్ష రూపాయల దాకా జుర్మానా అని చెప్తుంది. జుర్మానా కట్టేది స్కూలు. మధ్యలో బడి మారి తిరిగేది మాత్రం మన బిడ్డ. తొమ్మిది, పదికి వచ్చేసరికి పబ్లిక్ పరీక్ష ఎవరి పేరు మీద రాస్తారనే చిక్కు వస్తుంది. అప్పుడు వయసు చట్టం ఆదుకోదు.

వడుగపట్టి సంతలో తెల్లగడ్డ కొనేటప్పుడు మనం మూట పైన చూసి డబ్బివ్వం. లోపలికి చెయ్యి పెట్టి, ఒక గడ్డ తీసి, నొక్కి చూస్తాం. మామిడికాయ అయితే తొడిమ దగ్గర వాసన చూస్తాం. బడి దగ్గర మాత్రం గేటు చూసి చేర్చేస్తాం. అందుకే ఏమేమి చూడాలో వరుసగా రాస్తున్నాం.

మొదటిది గుర్తింపు. తమిళంలో దీన్ని "అంగీకారం" అంటారు. అది ఏ క్లాసు దాకా ఉంది, ఏ తేదీ దాకా ఉంది అని రెండూ చదవాలి. ఐదో క్లాసు దాకా ఉన్న గుర్తింపుతో ఎనిమిదో క్లాసు నడపలేరు. ఒకసారి వచ్చిన గుర్తింపు ఎప్పటికీ ఉండదు, గడువు ముగిస్తే మళ్ళీ తీసుకోవాలి. కొందరు ట్రస్టు రిజిస్ట్రేషన్ పత్రం చూపించి "అంతా రిజిస్టరు అయింది" అంటారు. అది ట్రస్టుకు, బడికి కాదు. ఇంకొందరు 11 అంకెల యూడైస్ నంబరు చూపిస్తారు. ఆ నంబరు కావలసిందే, అయితే అది లెక్కల కోసం ఇచ్చిన నంబరు, గుర్తింపు పత్రానికి బదులు కాదు. సందేహముంటే తేనిలో జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు పోయి అడగండి. అడిగే హక్కు మనకుంది.

రెండోది బోర్డు. "సీబీఎస్ఈ" అని పెద్ద అక్షరాలతో రాసి, దాని పక్కన చీమంత అక్షరాలతో "పద్ధతి" అనో "సిలబస్" అనో రాస్తారు. సీబీఎస్ఈ పుస్తకాలు ఎవరైనా కొని చెప్పవచ్చు. పుస్తకం చెప్పడం వేరు, అనుబంధం ఉండడం వేరు. సీబీఎస్ఈ వాళ్ళ సరస్ అనే వెబ్‌సైటులో అనుబంధం ఉన్న స్కూళ్ళన్నీ రాష్ట్రం వారీగా, జిల్లా వారీగా ఉంటాయి. పేరు వేసి వెతకండి, లేదా మీ ఇంటి కాలేజీ బిడ్డను వెతకమనండి. పేరు లేకపోతే "అప్లై చేసినాం, వచ్చేస్తుంది" అంటారు. రావచ్చు కూడా. అయితే తొమ్మిదో క్లాసులో బిడ్డ పేరును సీబీఎస్ఈలో నమోదు చేయాలి, అది అనుబంధం ఉన్న స్కూలు వల్లనే అవుతుంది. ఎల్‌కేజీలో చేర్చేవాళ్ళకు తొందర లేదు. ఏడు, ఎనిమిది క్లాసుల్లో ఇప్పుడు మార్చేవాళ్ళు మాత్రం నంబరు కనబడేదాకా అడుగు వేయవద్దు.

మూడోది కట్టడం. 2004 జూలై 16న కుంభకోణంలో ఏమయిందో మనలో పెద్దవాళ్ళు మరిచి ఉండరు. మధ్యాహ్న భోజనం వండే చోట నిప్పు కొట్టాలకు అంటుకుని, పైన కొట్టాల కింద కూర్చున్న పిలకాయలు 94 మంది పోయినారు. దిగడానికి ఇరుకు మెట్లు. ఆ తరువాతే మన రాష్ట్రంలో బడి కట్టడాల మీద గట్టి చూపు వచ్చింది. కట్టడం లైసెన్సు, కట్టడం గట్టిదని ఇంజనీరు పత్రం, అగ్నిమాపక శాఖ పత్రం, ఆరోగ్య శాఖ పత్రం, ఈ నాలుగూ ఉండాలి. పత్రం చూసినాక కళ్ళతో కూడా చూడండి. పై అంతస్తు నుంచి దిగడానికి మెట్లు ఎన్ని చోట్ల ఉన్నాయి? వాటి వెడల్పు ఎంత? ఇంకా కట్టుబడి నడుస్తూ ఉంటే ఇటుకలు, కమ్ములు, నీళ్ళ తొట్టి పిలకాయలు తిరిగే చోటనే ఉన్నాయా? ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ పడుతుందా? కొత్త స్కూళ్ళలో కట్టడం సగంలో ఉండగానే క్లాసులు మొదలుపెట్టడం సహజం. అందుకే ఇది రాస్తున్నాం.

నాలుగోది బస్సు. 2012 జూలైలో చెన్నై దగ్గర తాంబరంలో రెండో క్లాసు చదివే పాప స్కూలు బస్సు అడుగున ఉన్న ఓటలోంచి జారి కిందపడి చనిపోయింది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో స్కూలు బస్సులకు ప్రత్యేక నియమాలు వచ్చినాయి. ప్రతి ఏడాదీ బడి తెరిచే ముందు ఆర్టీఓ ఆఫీసు వాళ్ళు బస్సులన్నిటినీ ఒక మైదానంలో నిలబెట్టి చూస్తారు. మీరు కూడా ఒకసారి బస్సు ఎక్కి చూడండి. అడుగు చెక్క చూడండి. అత్యవసర తలుపు తెరుచుకుంటుందా అని తెరిచి చూడండి. పాపను దించడానికి ఒక మనిషి ఉన్నారా అని అడగండి.

ఇవన్నీ అడిగితే "ఏమయ్యా, మామీద నమ్మకం లేదా?" అంటారని కొందరికి మొహమాటం. బంధువైతే ఇంకా మొహమాటం. మంచిగా నడిపేవారు ఫైలు తెచ్చి బల్ల మీద పెడతారు. వాళ్ళు ఆ పత్రాల కోసం ఎన్ని ఆఫీసులు తిరిగి ఉంటారో! చూపించుకోవడం వాళ్ళకు గౌరవమే. కోపం వచ్చిందంటే ఏదో పత్రం లేదని అర్థం.

కాగితాల తరువాత మనుషులు. కొత్త స్కూలుకు పాత మార్కులు ఉండవు. గోడ మీద అంటించే టాపర్ల ఫొటోలు ఇంకో ఊరి బ్రాంచివి. కాబట్టి చూడవలసింది టీచర్లను. ఎందరు చేరినారు, ఏమి చదివినారు, బి.ఎడ్., డి.టి.ఎడ్., టెట్ ఉందా, ఏ క్లాసు టీచరు ఎవరు అని పేర్లతో అడగండి. "జూన్‌లోగా తీసుకుంటాం" అంటే, చెప్పేవాళ్ళు ఇంకా లేరు, గోడలు మాత్రమే ఉన్నాయని తెలుసుకోండి. ఒకటి నుంచి ఐదు క్లాసులకు 30 మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిదికి 35 మందికి ఒక టీచరు అని విద్యాహక్కు చట్టం కొలత. ఒక ఏడాది నడిచిన స్కూలైతే, పోయిన జూన్‌లో ఉన్న టీచర్లలో ఈ జూన్‌కు ఎందరు మిగిలినారో అడగండి. ఈ ఒక్క జవాబుతో జీతం సరిగ్గా ఇస్తున్నారా లేదా కూడా తెలిసిపోతుంది. ఇంకొకటి, ఎల్‌కేజీకి బిడ్డకు పరీక్ష, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెడితే అది కూడా చట్టానికి విరుద్ధమే.

ఇక డబ్బు. మేము గుమస్తాలం కాబట్టి లెక్క వేసి చూపిస్తాం. ఇది ఉదాహరణకే, ఏ స్కూలు ఫీజూ కాదు. ఎల్‌కేజీకి బస్సు, పుస్తకాలు, బట్టలతో కలిపి ఏడాదికి 40,000 అనుకుందాం. ప్రతి ఏడాదీ 10 శాతం పెంచుతారనుకుందాం. ఎల్‌కేజీ నుంచి ప్లస్ టూ దాకా 14 ఏండ్లు. చివరి ఏడాది కట్టవలసింది సుమారు 1,38,000. మొత్తం 14 ఏండ్లకు సుమారు 11 లక్షల 19 వేలు. ఇది ఒక బిడ్డకు. ఇద్దరుంటే రెండింతలు. నోటీసులోని 10 శాతం తగ్గింపు మొదటి ఏడాదికే అయితే 4,000 రూపాయలు. 4,000 మిగులుతుందని 11 లక్షల నిర్ణయం చేయకూడదు. తగ్గింపు ఎన్నేండ్లు ఇస్తారో రాసిమ్మనండి.

మన రాష్ట్రంలో 2009లో ఫీజుల చట్టం వచ్చింది. హైకోర్టు రిటైర్డు న్యాయమూర్తి తలైవరుగా ఉన్న కమిటీ ప్రైవేటు స్కూళ్ళకు ఫీజు నిర్ణయిస్తుంది. "కమిటీ మీకు ఎంత నిర్ణయించింది?" అని అడగండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. తెల్ల కాగితం మీద పెన్సిలుతో రాసిచ్చింది రసీదు కాదు. చేర్చుకోవడానికి డొనేషన్ అడగడం కూడా చట్టం ఒప్పుకోదు.

ఇప్పుడు మనవాళ్ళు చాలామంది చూడని ఇంకో లెక్క. ప్రైవేటు స్కూల్లో చేరిస్తే ఏమి వస్తుందో నోటీసులో ఉంటుంది. ఏమి పోతుందో ఎవరూ చెప్పరు. 2020లో మన రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఆరు నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ బడిలో చదివి నీట్ పాసైన పిలకాయలకు వైద్య సీట్లలో 7.5 శాతం విడిగా ఉంటుంది. 2021లో ఇంజనీరింగు, వ్యవసాయం, న్యాయం లాంటి చదువులకు కూడా ఇచ్చినారు. మునిసిపాలిటీ బళ్ళు, మన పక్క ఉన్న కళ్ళర్ సీరమైప్పు బళ్ళు కూడా ఇందులో చేరుతాయి. ఎయిడెడ్ బళ్ళు చేరవు. ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్ల కాలేజీకి పోతే నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022 సెప్టెంబరు 5 నుంచి నడుస్తోంది. మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ 2024లో వచ్చింది. ఆరో క్లాసులో "ఒక్క రెండేండ్లు ఇంగ్లీషు కోసం" అని ప్రైవేటుకు మార్చి, మళ్ళీ తొమ్మిదిలో ప్రభుత్వ బడికి తెచ్చిన ఇంటివాళ్ళకు, ప్లస్ టూ అయినాక ఈ 7.5 శాతం గుర్తుకొస్తుంది. అప్పటికి చేయి దాటిపోయి ఉంటుంది. మార్చవద్దని మేము అనం. ఇది తెలుసుకుని మార్చండి.

మెట్రిక్యులేషన్ అంటే వేరే గొప్ప చదువని ఇంకా అనుకునేవాళ్ళు ఉన్నారు. ఒకప్పుడు వాళ్ళ పుస్తకాలు వేరే, పరీక్ష వేరే. సమచ్చీర్ కల్వి చట్టం 2010లో వచ్చి, 2011లో సుప్రీంకోర్టు తీర్పుతో గట్టిపడినాక, మెట్రిక్యులేషన్ బిడ్డా, ప్రభుత్వ బడి బిడ్డా రాసేది ఒకే పదో క్లాసు పరీక్ష. ఒకరు ఇంగ్లీషులో రాస్తారు, ఒకరు తమిళంలో రాస్తారు. ప్రభుత్వ బళ్ళలోనే ఇంగ్లీషు మీడియం ఉన్న చోట్లు కూడా ఉన్నాయి.

భాష గురించి ఒక మాట. కొత్త స్కూళ్ళలో కొన్ని "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని తల్లులకు చెప్తున్నాయి. మన ఇండ్లలో ఇప్పటికే తెలుగు వంటింటి దాకా వచ్చి నిలిచింది. మనకు తమిళం మీద ఏ కోపమూ లేదు, మాకు అన్నం పెట్టింది తమిళ చదువే. 2006 చట్టం ప్రకారం బడిలో తమిళం తప్పనిసరి, అది నేర్వవలసిందే. ఇంగ్లీషూ కావలసిందే. ఇంట్లో మాత్రం అవ్వతో, తాతతో మాట్లాడే మాట ఏ స్కూలు చెప్పినా మాన్పించవద్దు. మేము తెలుగు అక్షరాలు నేర్చింది బడిలో కాదు. రేణిగుంట, గూడూరు వైపు పోయినప్పుడు స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషు పేరును, తెలుగు పేరును పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాం. అట్లా నలభై దాటినాక నేర్చిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాం. స్కూలువాళ్ళను అడగండి, "వారానికి ఒక గంట తెలుగు చెప్పించడానికి మీకు అభ్యంతరం ఉందా?" అని. నడిపేవారు మనవాళ్ళే అంటున్నారు కదా, వాళ్ళు చెప్పే జవాబు విందాం.

ఇదంతా మా ఇంట్లో చెప్తే మా కోడలు ఊరుకోలేదు. "మామా, ప్రతి పాత బడీ ఒకప్పుడు కొత్తదే కదా? అందరూ మీలాగా కాచుకుంటే కొత్త బడి ఎట్లా నిలబడుతుంది? మీ కాలంలో తమిళ మీడియంతో రైల్వే పని దొరికింది. ఇప్పుడు మా బిడ్డ ఇంగ్లీషు లేకుండా ఎక్కడికి పోతుంది?" అన్నది. న్యాయమైన మాటే. కొత్త స్కూల్లో మంచి కూడా ఉంటుంది. క్లాసులో పిలకాయలు తక్కువ. పేరు తెచ్చుకోవాలని నడిపేవారే రోజూ వచ్చి చూస్తారు. తల్లిదండ్రులు ఏమన్నా చెప్తే చెవిన వేసుకుంటారు. పాత పెద్ద స్కూల్లో గేటు వాచ్‌మన్‌ను దాటడమే కష్టం.

విరుదునగర్‌లో 1889లో పెట్టిన క్షత్రియ విద్యాశాల కూడా ఒకనాడు కొత్త బడే. అక్కడి నాడార్లు ఇంటింటా పిడికెడు బియ్యం తీసి దాన్ని నిలబెట్టినారు. కామరాజు చదివింది అక్కడే. మన సంఘం కూటాల్లో ఈ ఉదాహరణ చాలాసార్లు వింటాం. అయితే అది ఊరి బియ్యంతో నిలిచిన బడి, ఒకరి సొంత వ్యాపారం కాదు. సంఘం నడిపే బడి వేరు, సంఘం సభ్యుడు నడిపే బడి వేరు. మొదటిదానికి మనం బియ్యం కూడా ఇద్దాం. రెండోదానికి గిరాకీగా పోదాం, గిరాకీకి ఉండే హక్కులతో పోదాం.

కోడలి మాటకు విలువిచ్చి మేమూ, మా కొడుకూ ఆ కొత్త స్కూలుకు పోయి చూసి వచ్చినాం. అవును, ఒక ఏడాది పోగొట్టుకున్న ఆ కొడుకే. వాళ్ళ పాప ఇప్పుడు ఎల్‌కేజీ. నడిపేవారు మర్యాదగా మాట్లాడినారు, కాఫీ ఇచ్చినారు. మేము అడగకముందే మావాడు గుర్తింపు పత్రం అడిగినాడు. కొన్ని పత్రాలు చూపించినారు, బాగున్నాయి. అగ్నిమాపక పత్రం ఇంకా రావాలట. బోర్డు అనుబంధం అప్లై చేసినారట. టీచర్లలో సగం మంది చేరినారట. మావాడు బయటికి వచ్చి ఒకటే అన్నాడు, "వచ్చే ఏడాది మళ్ళీ వచ్చి అడుగుదాం నాయనా." పాప ఈ ఏడాది ఇప్పుడున్న పాత బడిలోనే ఉంటుంది. వచ్చే ఏడాది ఆ పత్రాలన్నీ వచ్చి ఉంటే, చేర్చడానికి మాకేమీ అడ్డు లేదు.

సంఘానికి మా మనవి ఇది. కమిటీ కూటంలో మూడు పనులు నిర్ణయించండి. ఏ స్కూలుకూ సంఘం పేరుతో సిఫారసు ఇవ్వకూడదు, మనవాళ్ళదైనా, ఇతరులదైనా. తగ్గింపు నోటీసు వేస్తే దాని కింద "సంఘం ఈ స్కూలును పరీక్ష చేయలేదు" అని ఒక లైను వేయాలి. ముగ్గురితో ఒక చిన్న బృందం పెట్టాలి. మనలో రిటైరైన టీచర్లు ఉన్నారు, కట్టడం తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు, కాగితాలు చదవడానికి మాలాంటి గుమస్తాలు ఉన్నారు. మన ఊరి చుట్టూ ఏ కొత్త స్కూలు వచ్చినా వీళ్ళు పోయి, ఏ పత్రం చూసినారు, ఏది చూడలేదు అని ఒక పేజీ రాసి గ్రూపులో వేయాలి. మార్కులు, పొగడ్తలు వద్దు. ఉంది, లేదు, రావాలి, ఈ మూడు మాటలు చాలు. ఆ స్కూలు యజమానికి దగ్గరి చుట్టం మాత్రం ఆ బృందంలో ఉండకూడదు. చేర్చాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ళ ఇష్టం.

ఆ బృందంలో పని చేయడానికి మేము ఒప్పుకుంటున్నాం. రిటైరైనవాళ్ళం, తీరిక ఉంది, బస్సు పాస్ కూడా ఉంది.

మా మాటలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాం. మీ బిడ్డను ఇప్పటికే కొత్త స్కూల్లో చేర్చి ఉంటే భయపడవద్దు. రేపే పోయి ఆ కాగితాలు అడగండి. చేర్చినాక అడిగినా అడిగినట్టే.